ఎన్నారై సందేహాలు: పోర్క్ ఖీమా, క్యాబేజీ, ఒకే ప్యాన్

ప్రశ్న: అన్నగారూ, నేను వచ్చి రెండు నెలలైంది. వంట రాదు. నలుగురం పంచుకునే వంటగది, నాకంటూ ఉన్నది ఒక్క ప్యాన్. పని నుంచి వచ్చేసరికి ఓపిక ఉండదు. పోర్క్ ఖీమా, క్యాబేజీ కలిపి అరగంటలో చేసుకోవచ్చని విన్నాను. రెండుసార్లు చేశాను, రెండుసార్లూ నీళ్లనీళ్లగా, పాలిపోయి వచ్చింది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

జవాబు: తమ్ముడూ, రెండుసార్లకే బెంగపడి ఉత్తరం రాశావు. నాకు ఇది సరిగ్గా కుదరడానికి ఒక చలికాలం మొత్తం పట్టింది. అప్పట్లో ఫోన్‌లో చూసి నేర్చుకునే వీడియోలూ లేవు, ఇలా అడగడానికి అన్నలూ లేరు.

మొదటిసారి ఫ్రీజర్‌లోంచి తీసిన ఖీమా ఇటుకను అలాగే వేడి ప్యాన్‌లో పడేశాను. అడుగున మాడుతోంది, మధ్యలో ఇంకా మంచే. కరుగుతుందిలే అని మూత పెట్టాను. పావుగంటకు తీసి చూస్తే బూడిద రంగు ముద్ద, చుట్టూ మురికినీళ్లు. అందులోనే క్యాబేజీ వేసి, ఉప్పు చల్లి, మళ్లీ మూత పెట్టాను. క్యాబేజీలో నూటికి తొంభై పాళ్లకు పైగా నీరేనని నాకు అప్పుడు తెలియదు. ఉప్పు తగలగానే అదంతా బయటికి ఊరింది. ఆ రాత్రి నేను తిన్నదాన్ని కూర అనలేం, సూప్ అనలేం. స్టవ్ దగ్గరే నిలబడి, ప్యాన్‌లోంచే తిన్నాను. ఈ నిలబడి తినడం గురించి తర్వాత చెబుతాను.

రెండోసారి ఇంకాస్త తెలివి చూపించాను. మాంసం ఏదైనా కడిగి వండాలన్నది వంట విషయంలో నాకు తెలిసిన ఒకే ఒక్క పాఠం. ఖీమాను జల్లెడలో వేసి కుళాయి కింద పెట్టాను. కొంత కన్నాల్లోంచి సింకులోకి జారిపోయింది, మిగిలింది నీళ్లు పీల్చుకుని జావయింది. పచ్చి మాంసాన్ని కడిగితే క్రిములు పోవు. చిమ్మిన నీళ్లతో సింకుకీ, పక్కనున్న గిన్నెలకీ అంటుకుంటాయి. వాటిని చంపేది వేడే. ఖీమా లోపల 71 డిగ్రీల సెల్సియస్, అంటే 160 ఫారన్‌హీట్, చేరాలని అమెరికా వ్యవసాయ శాఖ లెక్క. నువ్వున్న దేశం లెక్క అక్కడి ఆహార భద్రత వాళ్ల పేజీలో ఉంటుంది, చూసుకో. రంగు మారితే ఉడికినట్టే అనుకోకు, దాన్ని నమ్మడానికి లేదు. చిన్న థర్మామీటర్ కొనుక్కుని, ఖీమాను ఒక పక్కకు కుప్పగా చేర్చి గుచ్చి చూడు.

ఇక నీ తప్పు సంగతి. ప్యాన్‌లో నీరు నిలిచి ఉన్నంతసేపు మాంసం వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఎర్రగా వేగి ఆ కమ్మటి వాసన రావాలంటే దాని పైభాగం 140 డిగ్రీల దాకా వెళ్లాలి. నువ్వు వేయిస్తున్నాననుకుంటూ ఉడకబెడుతున్నావు. బహుశా చిన్న ప్యాన్‌లో అంతా ఒకేసారి కుక్కుతున్నావు కూడా. అర కిలో ఖీమాకు 28 లేదా 30 సెంటీమీటర్ల ప్యాన్ ఉండాలి. నీది చిన్నదైతే ఖీమాను రెండు వాయిలుగా వేయించు.

ముందురోజు రాత్రే ఖీమాను ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్ కింది అరలోకి మార్చు, అడుగున ఒక గిన్నె పెట్టి. వండే ముందు పేపర్ టవల్‌తో పైతడి అద్దు. సగం క్యాబేజీ, బొటనవేలంత అల్లం, నాలుగు వెల్లుల్లి రెబ్బలు తరిగి పక్కన పెట్టుకున్నాకే స్టవ్ వెలిగించు. ఖీమా వేగుతుండగా క్యాబేజీ తరుగుదామనుకుంటే రెండూ చెడతాయి. నూనె ఒక చెంచా చాలు, పోర్క్‌కు సొంత కొవ్వు ఉంటుంది. ప్యాన్ బాగా వేడెక్కాలి, కానీ నాన్‌స్టిక్ అయితే ఖాళీగా కాల్చకు. ఖీమాను రొట్టెలా పరిచి మూడు నాలుగు నిమిషాలు ముట్టుకోకు. చేతులు ఊరుకోవు, తెలుసు. ఆ చేతుల్ని జేబులో పెట్టుకో. అడుగు ఎర్రబడ్డాక తిప్పి, గరిటె అంచుతో విడగొట్టి, ఇంకో నాలుగైదు నిమిషాలు వేయించు.

కొవ్వు ఎక్కువ తేలితే రెండు చెంచాలు ఉంచి మిగతాది ఖాళీ డబ్బాలోకి వంపి, గడ్డకట్టాక చెత్తలో వెయ్యి. సింకులో పొయ్యకు. నేను పోశాను. అది గొట్టంలో గడ్డకట్టింది. ఇంటి ఓనరు ఆ తర్వాత చాలా రోజులు నన్ను చూసినప్పుడల్లా ముందు కుళాయి వైపు చూసేవాడు.

అల్లం వెల్లుల్లి అర నిమిషం వేగాక మంట పెంచి క్యాబేజీ రెండు విడతలుగా వెయ్యి. మూత వద్దు, ఉప్పు వద్దు. నాలుగైదు నిమిషాలకు అంచులు అక్కడక్కడా మాడినట్టు కావాలి, కొరికితే ఇంకా కరకరమనాలి. అంతకు మించి మగ్గనిస్తే క్యాబేజీలోని గంధకం వాసన ఇల్లంతా పట్టుకుంటుంది. చివర్లో రెండు చెంచాల సోయా సాస్, మిరియాల పొడి. దించాక అర చెంచా వెనిగర్. సోయా సాస్‌లోనే బోలెడంత ఉప్పు ఉంది, ఇంకా కావాలంటే రుచి చూశాకే.

మంట పెంచమన్నానని కిటికీలు మూసుకుని పెంచకు, ఫ్యాన్ ముందే వేసుకో. నేను వేసుకోలేదు. స్మోక్ అలారం మోగి, రాత్రి తొమ్మిదిన్నరకు భవనంలో వాళ్లంతా చలిలో కిందికి దిగారు. నేను గరిటె చేతిలో పట్టుకునే దిగాను. కారణం ఎవరో వెతుక్కునే శ్రమ ఎవరికీ లేకపోయింది. ఆ నెల మొత్తం మీద నాతో అంతమంది మాట్లాడింది ఆ ఒక్క రాత్రే. తిట్లే అనుకో. అయినా పైకి వచ్చాక ఎందుకో హాయిగా అనిపించింది. తిట్లు తిని హాయిగా అనిపించిందంటే అప్పుడు నా పరిస్థితి ఏమిటో ఊహించుకో.

నువ్వు అడగని సంగతి ఒకటుంది. నలుగురు పంచుకునే వంటగది అన్నావు. మిగతా ముగ్గుర్నీ అడిగావా? నాకప్పుడు సొంత ప్యాన్ కూడా లేదు, రూమ్మేట్ ప్యాన్‌లో వండేవాణ్ని. అతను పంది మాంసం ముట్టడు. ఆ సంగతి నాకు తెలియదు, కనుక్కోవాలని తోచనూ లేదు. శుభ్రంగా తోమి బోర్లించాను కదా అనుకున్నాను. అతను ఒక్క మాట అనలేదు. మర్నాడు ఆ ప్యాన్ చెత్తడబ్బా పక్కన కనిపించింది, స్టవ్ మీద కొత్తది ఉంది. ఆ ఇంట్లో సాయంత్రాలు కూర్చుని మాట్లాడుకునేది మేమిద్దరమే. ఆ రోజు నుంచి నేను తిని గదిలోకి వెళ్లాకే అతను వంటింట్లోకి వచ్చేవాడు. క్షమించమని అడగడానికి నాకు మూడు వారాలు పట్టింది. నవ్వి, పర్లేదన్నాడు. టైము మాత్రం మార్చుకోలేదు. కొన్ని నెలలకు ఇల్లు మారిపోయాడు. నువ్వు ఇవాళే ముగ్గురికీ చెప్పు. నీ ప్యాన్, గరిటె, కటింగ్ బోర్డు, గిన్నెలు తోమే స్పాంజి వేరుగా పెట్టుకో. ఎవరికైనా వాసన ఇబ్బందైతే ఏ రోజు వండుకోవాలో వాళ్లనే అడుగు.

ఇక నిలబడి తినడం. ఒకే ప్యాన్ వంటతో వచ్చే చిక్కు ఇదే, ఎవరూ చెప్పరు. కడగాల్సిన గిన్నె ఒక్కటేనని సంబరపడతాం. కంచం ఎందుకు, అదో గిన్నె. కంచం లేనప్పుడు కుర్చీ ఎందుకు? ఒక చేత్తో ప్యాన్, ఇంకో చేతిలో ఫోన్. ఏడు నిమిషాల్లో భోజనం అయిపోతుంది, రాత్రంతా అలాగే మిగిలి ఉంటుంది. నేను కొన్ని నెలలపాటు రాత్రి భోజనానికి కూర్చోలేదు.

పైగా అర కిలో ఖీమా ఒక్కడి వల్ల అయ్యేది కాదు. ఒకసారి మిగిలింది మూత పెట్టి స్టవ్ మీదే వదిలేసి పడుకున్నాను, పొద్దున పొగలు కక్కేలా వేడి చేసి తిన్నాను. వేడి చేస్తే అన్నీ చస్తాయనుకున్నాను. కొన్ని క్రిములు వదిలిన విషం మళ్లీ వేడి చేసినా పోదు. రెండు రోజులు మంచానికీ బాత్రూముకీ మధ్య తిరిగాను. మంచినీళ్లు తెచ్చిచ్చే మనిషి లేడు. ఇంటికి ఫోన్ చేసి ‘బాగానే తింటున్నా’ అని చెప్పింది కూడా ఆ రెండు రోజుల్లోనే. వండినది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరాలి, మూడు నాలుగు రోజుల్లో తినెయ్యాలి. పచ్చి ఖీమా అయితే ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులే.

ఒక్కడికి సరిపడా చేద్దామని చాలా తంటాలు పడ్డాను. ఖీమాను నాలుగు ముక్కలు చేసి ఫ్రీజర్‌లో దాచాను. కానీ క్యాబేజీ మాట వినదు. ఎంత చిన్నది తెచ్చినా వారం రోజులు ఫ్రిజ్‌లోంచి నా వైపు చూస్తూనే ఉండేది. చివరికి కొలత తగ్గించడం మానేసి, మనిషిని పెంచాను. మొదట పిలిచింది అలారం రాత్రి అందరికంటే గట్టిగా అరిచిన కింది అంతస్తు పెద్దాయన్ని. పోర్క్ తింటారా అని ముందే అడిగాను, ఆపాటి బుద్ధి అప్పటికి వచ్చింది. ఆయన వస్తూ తన కుర్చీ తనే మోసుకొచ్చాడు. నా దగ్గర ఉన్నది ఒక్కటేనని ఎలా కనిపెట్టాడో తెలియదు. తిన్నాక క్యాబేజీ ఇంకొంచెం మాడాలన్నాడు. నీకు పైన చెప్పిన ‘అంచులు మాడినట్టు’ అన్న మాట ఆయనదే.

అర కిలో ఖీమా, సగం క్యాబేజీ, పక్కన కాస్త అన్నం ఉంటే ముగ్గురికి సరిపోతుంది, నలుగురికి సర్దుకోవచ్చు. మీ ఇంట్లో తినేవాళ్లెవరో ముందు కనుక్కో. శుక్రవారం చెయ్యి, కంచాల్లో వడ్డించు. ఎవరొచ్చారో నాకు రాయి. క్యాబేజీ ఎలా కుదిరిందో ఆ తర్వాత రాయొచ్చు.