గర్భంతో ఉండగా విడాకులు: సంతకానికి ముందు ఆ ఒక్క వాక్యం చూడండి

ప్రశ్న: నాకు ఇప్పుడు ఐదో నెల. పెళ్లయి మూడేళ్లయింది. గొడవలు భరించలేక రెండు నెలల కిందట పుట్టింటికి వచ్చేశాను. పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకుందామని మా వారు వాట్సాప్‌లో కాగితాలు పంపారు. మూడు లక్షలు తీసుకుని, నా తరఫునా పుట్టబోయే బిడ్డ తరఫునా ఇక ఏమీ అడగనని అందులో ఉంది. సంతకం పెట్టకపోతే బిడ్డ తనది కాదంటానని, డీఎన్‌ఏ పరీక్ష కోరతానని బెదిరిస్తున్నారు. బిడ్డకు తండ్రి పేరు, పోషణ ఖర్చులు దక్కుతాయా? మేము హిందువులం.

జవాబు: అమ్మా, మీరు జతచేసిన ముసాయిదా చదివాను. మీ చూపంతా మూడు లక్షల మీదే ఉంది. నన్ను ఆపేసింది మాత్రం మూడో పేరాలోని వాక్యం: "ఉభయులూ ఏడాదికి పైగా విడివిడిగా జీవిస్తున్నారు."

హిందూ వివాహ చట్టం 13బి కింద దంపతులిద్దరూ కలిసి విడాకులు కోరాలంటే కనీసం ఏడాది విడిగా ఉండి ఉండాలి. అందుకే ఈ వాక్యం పిటిషన్లలో అచ్చుగుద్దినట్టు వస్తుంటుంది. మీ విషయంలో అది అబద్ధం, అదీ మీ మెడకే చుట్టుకునే అబద్ధం. ఏడాదిగా కాపురం లేదని మీరే ప్రమాణం చేసి రాసిచ్చాక, ఈ గర్భం ఎలా వచ్చిందని రేపు ఆయన వకీలు అడిగితే ఏమంటారు? పరస్పర అంగీకారంతో విడిగా ఉంటున్న భార్యకు భరణం రాదని మరో నిబంధన ఉంది. ఆ వాక్యం దానికీ దారి తీస్తుంది. సంతకం పెట్టకండి.

ఇక పితృత్వం. భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 116వ సెక్షన్ (పాత సాక్ష్య చట్టంలో 112) మీకు పెద్ద అండ. చెల్లుబాటయ్యే వివాహం కొనసాగుతుండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే. విడాకులు వచ్చిన తరువాత 280 రోజుల్లోపు పుట్టినా, తల్లి ఈలోగా మళ్లీ పెళ్లి చేసుకోకపోతే, అంతే. కాదనాలంటే, గర్భం నిలిచిన కాలంలో ఇద్దరూ కలుసుకునే అవకాశమే లేదని ఆయన రుజువు చేయాలి. అనుమానం చాలదు. మీరు ఇల్లు వదిలింది రెండు నెలల కిందట, గర్భం అంతకు ముందుది. లెక్క మీ వైపే ఉంది.

డీఎన్‌ఏ పరీక్ష అడగ్గానే కోర్టులు ఇచ్చేయవు. విడాకుల తగాదాలో పిల్లలకు యథాలాపంగా ఈ పరీక్షకు ఆదేశించరాదని సుప్రీంకోర్టు 2023లో స్పష్టంగా చెప్పింది. అయితే ఒక మెలిక: అప్పటికే పరీక్ష జరిగి ఫలితం కోర్టు ముందుకు వచ్చిన కేసులో, పెళ్లిలో పుట్టిన బిడ్డ భర్త బిడ్డేనని చట్టం ముందే అనుకునే దానికంటే శాస్త్రీయ ఫలితానికే విలువిస్తూ 2014లో తీర్పు వచ్చింది. కాబట్టి "బయట ల్యాబులో చేయించుకుందాం, గొడవ తేలిపోతుంది" అని పెద్దమనుషులు తీపిగా చెప్పినా, మీ వకీలును అడగకుండా ఒప్పుకోకండి. ఆయనే తండ్రి అయినప్పుడు భయమెందుకంటారా? భయం కాదు, రుజువు భారం ఆయన మీద ఉండగా మీరు ఎందుకు ఎత్తుకోవాలి?

మొదటి స్కానింగ్ రిపోర్టు తీసి చూడండి. దాని మీద తేదీ, అప్పటికి ఎన్ని వారాలన్నది, సాధారణంగా భర్త పేరు ఉంటాయి. దాన్నీ, గర్భిణిగా నమోదైనప్పుడు ఇచ్చిన కార్డునూ, ఈ వార్త విని ఆయన పంపిన సందేశాలనూ భద్రపరచండి. ప్రసవమయ్యాక ఆస్పత్రి ఫారంలో తండ్రి పేరు సరిగా రాయించండి. జననం 21 రోజుల్లోపు నమోదు కావాలి.

డబ్బు సంగతి. బిడ్డ పోషణ హక్కు బిడ్డది. దాన్ని వదులుకునే అధికారం తల్లికి లేదు, ఆ షరతు మీద మీరు పది సంతకాలు పెట్టినా సరే. బిడ్డ పుట్టగానే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125) మీరుంటున్న ఊరి కోర్టులోనే అడగవచ్చు. అంతవరకు ఆగనక్కర్లేదు, మీ భరణానికి ఇప్పుడే దరఖాస్తు చేసి, అందులో వైద్య ఖర్చులు కూడా చూపండి. మధ్యంతర భరణం (కేసు తేలేలోగా ఇప్పించే భరణం) దరఖాస్తును నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంత వరకు తేల్చాలని చట్టమే అంటోంది. ఆచరణలో వాయిదాలు పడతాయి, అది వేరే బాధ. అయినా 2020 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం భరణం దరఖాస్తు వేసిన తేదీ నుంచి లెక్కకట్టాలి, ఇద్దరూ ఆదాయ, ఆస్తుల అఫిడవిట్ ఇవ్వాలి. ఎంత ఇవ్వాలన్నదానికి పట్టిక ఏమీ లేదు; ఆయన జీతం, మీ సంపాదన, బిడ్డ అవసరాలు చూస్తారు.

విడాకులే కావాలనుకుంటే గర్భం అడ్డు కాదు. ఏడాది నిండాక నిజం రాసి వేయండి. అప్పటికి బిడ్డ చేతిలో ఉంటుంది, దాని పేరు మీద నెలనెలా ఎంత, చదువుకు ఎంత అన్నది ఒప్పందంలోనే రాయించుకోవచ్చు. వకీలు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం ఉంది.

ఆ ముసాయిదాను కోపంతో తీసేయకండి. ఐదో పేరాలో "ఈ దంపతులకు పుట్టబోయే బిడ్డ" అని ఆయన పంపిన కాగితంలోనే ఉంది. ఏ నంబరు నుంచి, ఏ తేదీన వచ్చిందో కనబడేలా ఆ సందేశాన్ని ఫోనులో అలాగే ఉంచండి.