అభిమానుల ఆగ్రహానికి తలొగ్గితే కథకు కలిగే నష్టం ఏమిటి?

అభిమానులు కోరినట్టే కథ నడిపితే తప్పేమిటన్న ప్రశ్నకు హాలీవుడ్ అంతరిక్ష సాహస చిత్రాల పరంపర ‘స్టార్ వార్స్’ అనుభవం మంచి సమాధానం.

ఆ పరంపరలో 2017 డిసెంబరులో వచ్చిన ‘ది లాస్ట్ జెడై’లో దర్శకుడు రయాన్ జాన్సన్, దశాబ్దాలుగా వీరుడిగా ఆరాధన పొందిన ల్యూక్ స్కైవాకర్‌ను ఓటమితో కుంగి మారుమూల ద్వీపంలో తలదాచుకున్న మనిషిగా చూపించారు, కథానాయిక రే తల్లిదండ్రులు అనామకులని చెప్పించారు. ఇవి నచ్చలేదని విమర్శించే హక్కు ఎవరికైనా ఉంది. కొందరు మాత్రం ఆ హద్దు దాటి, రోజ్ పాత్ర ధరించిన వియత్నామీ సంతతి నటి కెల్లీ మేరీ ట్రాన్‌ను జాతి పేరుతోనూ, స్త్రీ అన్న కారణంతోనూ వేధించారు. 2018లో ఆమె తన ఇన్‌స్టాగ్రామ్ పోస్టులన్నీ తొలగించి, ఆ మాటలను తానే నమ్మడం మొదలుపెట్టానని న్యూయార్క్ టైమ్స్ పత్రికలో రాశారు. పాత్రను రాసింది ఆమె కాదు, శిక్ష మాత్రం ఆమెకే పడింది.

మరో దర్శకుడు తీసిన 2019 నాటి తర్వాతి చిత్రంలో రోజ్ పాత్ర బాగా కుదించుకుపోయింది (దీనికి ఆ చిత్ర రచయిత సాంకేతిక కారణం చెప్పారు). రే ఏకంగా పాత చిత్రాల్లోని దుష్ట చక్రవర్తికి మనవరాలైంది. ఏ వంశమూ లేని అమ్మాయి కూడా వీరురాలు కావచ్చన్న కొత్త ఆలోచన అలా మొదట్లోనే ఆగిపోవడమే నా దృష్టిలో అసలు నష్టం.

దేనికీ కొనసాగింపు కాని ‘ఎవ్రిథింగ్ ఎవ్రివేర్ ఆల్ ఎట్ వన్స్’ చిత్ర రూపకర్తలకు అలా పాత అభిమానుల అంచనాల బరువు లేదు. లాండ్రీ దుకాణం నడుపుకునే వలస కుటుంబం కథను వారు తమకు తోచిన దిక్కుకు తీసుకెళ్లారు. ఆ చిత్రం 2023లో ఉత్తమ చిత్రంతో సహా 7 ఆస్కార్లు గెలుచుకుంది.