న్యూస్ ఛానళ్లలో ప్రోగ్రాములు, యాంకర్లు అంత తరచుగా ఎందుకు మారతారు?

మీరు అడిగినవి ఇవి: తెలుగు న్యూస్ ఛానళ్లలో హడావుడిగా మొదలైన ప్రోగ్రాం రెండు నెలలు తిరక్కుండానే ఎందుకు ఆగిపోతుంది? మొన్నటిదాకా ఇక్కడ కనిపించిన యాంకర్ ఇవాళ పక్క ఛానల్లో ఎందుకుంటారు? ఇదంతా రేటింగుల వల్లేనా? జర్నలిజం చదివినవాళ్లు ఇందులోకి రావచ్చా? హైదరాబాద్‌లో న్యూస్ ఛానళ్ల అవుట్‌పుట్ డెస్కుల్లో, అంటే వచ్చిన వార్తల్ని బులెటిన్‌గా తయారుచేసే చోట, చాలా ఏళ్లు పనిచేశాను. లోపలి నుంచి చూసిందే రాస్తున్నాను.

రేటింగ్ వల్లే మార్పులు జరుగుతాయని బయటివాళ్లు అనుకుంటారు. ఛానల్ మీటింగుల్లోనూ అదే చెబుతారు. నేను చూసినంతవరకు చాలాసార్లు నిర్ణయం ముందే అయిపోయి ఉంటుంది. రేటింగ్ దానికి సాకు.

ఈ మాట ఊరికే అనడం లేదు. 2020 అక్టోబరులో టీఆర్పీల (టీవీ రేటింగుల) గోల్‌మాల్ మీద ముంబయి పోలీసులు కేసు పెట్టాక, రేటింగులు కొలిచే బార్క్ సంస్థ న్యూస్ ఛానళ్ల వారపు అంకెలు ఇవ్వడం ఆపేసింది. మొదట 12 వారాలే అన్నారు. మళ్లీ మొదలయ్యేసరికి 2022 మార్చి వచ్చింది. అంటే దాదాపు ఏడాదిన్నర పాటు ఏ ఛానల్ నంబర్ వన్నో, ఏ ప్రోగ్రాం ఎవరు చూస్తున్నారో చెప్పే అంకె ఎవరి దగ్గరా లేదు. రేటింగే అసలు కారణమైతే ఆ ఏడాదిన్నర మేమంతా హాయిగా కూర్చోవాలి కదా! అలా ఏమీ జరగలేదు. బులెటిన్ టైమింగులు మారాయి, ప్రైమ్‌టైమ్ డిబేట్ల యాంకర్లు మారారు, కరోనా పేరుతో జీతాలు కోశారు, డెస్కుల్లో మనుషుల్ని తగ్గించారు. అంకె లేదు కాబట్టి యూట్యూబ్ వ్యూస్ చూపించి అదే మాట మాట్లాడారు. అవి కూడా నచ్చని మనిషి ప్రోగ్రాంవి మాత్రమే!

ఇక ఆ అంకె సంగతి. దేశంలో టీవీ ఉన్న ఇళ్లు దాదాపు 21 కోట్లని 2020లో బార్క్ అంచనా. అప్పటికి మీటర్లు పెట్టిన ఇళ్లు సుమారు 44 వేలు. ఛానల్ ఆడియోలో మన చెవికి వినపడని గుర్తు (వాటర్‌మార్క్) ఒకటి కలుపుతారు, ఇంట్లో పెట్టిన మీటరు దాన్ని పట్టుకుంటుంది. ఎవరు చూస్తున్నారో తెలియడానికి ఇంట్లో ఒక్కొక్కరూ తమ బటన్ నొక్కాలి. సీరియళ్లకు ఈ పద్ధతి సరిపోతుంది, ఎందుకంటే వాటిని చూసేవాళ్లు ఎక్కువ, రోజూ ఒకే టైముకి చూస్తారు. న్యూస్ అలా కాదు. ఆ 44 వేలలో మన రెండు రాష్ట్రాల వాటా తీయండి, అందులో రాత్రి తొమ్మిదికి న్యూస్ పెట్టినవాళ్లను తీయండి, వాళ్లను ఇన్ని ఛానళ్లకు పంచండి. ఒక్క ఛానల్‌కి మిగిలేది వేళ్ల మీద లెక్కపెట్టకపోయినా, ఒక పెళ్లి హాల్లో పట్టేంత మందే. లెక్క కోసం ఆ టైముకి ఇరవై ఇళ్లు చూస్తున్నాయనుకోండి. వాటిలో నాలుగిళ్ల వాళ్లు ఆ వారం ఊరెళ్తే మీ ప్రోగ్రాం ఐదో వంతు పడిపోయినట్టు కనిపిస్తుంది. యాంకర్ బాగా చదివినా, స్క్రిప్టు బాగున్నా అంతే.

ఈ ఊగిసలాట తగ్గించాలనే 2022 నుంచి న్యూస్‌కి నాలుగు వారాల సగటు ఇస్తున్నారు. ఉద్దేశం మంచిదే. కానీ దీనివల్ల ఒక విచిత్రం జరుగుతుంది. ఈ వారం కొత్త ప్రోగ్రాం మొదలుపెడితే గురువారం వచ్చే అంకెలో దాని వాటా నాలుగో వంతే, మిగతా మూడు వంతులు ఆ స్లాటులో (ఆ టైములో) అంతకుముందు నడిచిన పాత ప్రోగ్రాంది. నాలుగు వారాలు నిండితే తప్ప కొత్తదాని సొంత అంకె రాదు. అయినా రెండో గురువారానికే "ఇది ఆడట్లేదు" అనేవాళ్లను నేను చూశాను. అలాగే మధ్యలో ఎన్నికల కౌంటింగో తుపానో వస్తే ఆ పెరుగుదల నెలంతా అంకెలో నిలిచి ఉంటుంది. ఆ నెలలో కొత్తగా వచ్చిన అవుట్‌పుట్ ఎడిటర్ అదృష్టవంతుడు, క్రెడిట్ ఆయన ఖాతాలో పడుతుంది. గురువారం మధ్యాహ్నం న్యూస్‌రూమ్‌లో టెన్షన్ మాత్రం నిజమే, దాన్ని ఎగతాళి చేయను.

ప్రోగ్రాంతో సంబంధం లేకుండా రేటింగ్‌ని కదిపేవి ఇంకా ఉన్నాయి. సెట్‌టాప్ బాక్స్ ఆన్ చేయగానే ఒక ఛానల్ దానంతట అదే వస్తుంది చూడండి, దాన్ని లాండింగ్ పేజీ అంటారు. ఆ చోటు కోసం ఛానళ్లు కేబుల్ ఆపరేటర్లకు డబ్బు కడతాయి. రేటింగ్ ఉన్న ఛానళ్లను అక్కడ పెట్టొద్దని టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో ఆదేశమిస్తే, 2019లో ఆ రంగాల వివాదాలు తేల్చే ట్రిబ్యునల్ టీడీశాట్ దాన్ని కొట్టేసింది. లాండింగ్ పేజీ వల్ల వచ్చే అసహజమైన పెరుగుదలను బార్క్ తన పద్ధతిలో వడకడుతుంది. అయినా ఆ ఖర్చు పెట్టే ఛానల్‌కీ పెట్టని ఛానల్‌కీ మధ్య తేడాను యాంకర్ల ప్రతిభతో పూడ్చమంటే ఎలా? ఇక 2014 జూన్‌లో తెలంగాణలో కేబుల్ ఆపరేటర్లు టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారాలు ఆపేసిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఇంట్లో రాని ఛానల్‌ని ఎవరు చూస్తారు?

మరి అసలు కారణాలేమిటి అంటారా? మొదటిది ఖర్చు. ఒక జిల్లాకి రిపోర్టర్, కెమెరామెన్, వాహనం, లైవ్ కిట్ పంపి మూడు రోజులు తిరిగితే ఒక మంచి ప్యాకేజీ (పూర్తి వీడియో కథనం) వస్తుంది, టీవీలో అది ఐదు నిమిషాలు. అదే స్టూడియోలో నలుగురు గెస్టుల్ని కూర్చోబెడితే గంట నిండుతుంది. గెస్టులు చాలావరకు ఉచితంగానే వస్తారు. సాయంత్రం ఏ ఛానల్ తిప్పినా డిబేట్లే ఉండడానికి జనానికి అవంటే పిచ్చి అన్నది ఒక్కటే కారణం కాదు. గ్రౌండ్ రిపోర్టింగ్ ప్రోగ్రాం ఆగిపోయినప్పుడు "రేటింగ్ రాలేదు" అని ప్రకటిస్తారు, బండి డీజిల్ బిల్లు గురించి ఎవరూ మాట్లాడరు.

రెండోది యాజమాన్యం. మన దగ్గర న్యూస్ ఛానల్ ఒక్కదాని మీదే లాభం చూసుకునేవాళ్లు తక్కువ. వేరే వ్యాపారాలో, ఏదో ఒక పార్టీ పట్ల అభిమానమో ఉంటుంది. ప్రభుత్వం మారితే యాడ్స్ మారతాయి, యాడ్స్ మారితే ఎడిటర్ మారతాడు, ఎడిటర్ మారితే ఆయన వెంట పది మంది వస్తారు, పాతాయన వెంట పది మంది పోతారు. టీవీ9 సంగతి అందరికీ తెలిసిందే: 2004లో మొదలైన ఛానల్ 2018లో చేతులు మారింది, 2019 మేలో వ్యవస్థాపక సీఈఓ రవిప్రకాశ్‌ని ఆ పదవి నుంచి తప్పించారు. అప్పుడు అది రేటింగుల్లో వెనకబడి ఉందని ఎవరూ అనలేదు.

నిజంగా ప్రోగ్రాం వల్లే, మనిషి వల్లే జనం కదిలిన సందర్భాలు లేవా అంటే ఉన్నాయి. వీ6 న్యూస్ ఛానల్లో తీన్మార్ వార్తలు అలాంటిదే. ఇంట్లో మాట్లాడుకునే తెలంగాణ యాసలో వార్తలు చెప్పడం, దాంట్లో బిత్తిరి సత్తి పాత్ర. ఆ పాత్ర వేసినాయన తర్వాత టీవీ9కి, అక్కణ్నుంచి సాక్షికి వెళ్లారు. పేరున్న ముఖాలు ఛానళ్లు మారడంలో వింత లేదు, వాళ్లను పిలిచి తీసుకెళ్తారు. కానీ తీన్మార్ తర్వాత కూడా నడిచింది, ఎందుకంటే యాస, రాసే టీమ్ అక్కడే ఉన్నాయి. నా అభిప్రాయంలో మనిషిని కొనుక్కుంటే సగమే వస్తుంది. స్క్రిప్టు రాసేవాళ్ల పేర్లు మీకు తెలియవు, వాళ్లకెవరూ పెద్ద ప్యాకేజీలు ఇచ్చి పిలవరు.

స్ట్రింగర్ల గురించి రెండు ముక్కలు చెప్పకపోతే అన్యాయం. మండల స్థాయిలో వార్త పంపేది వాళ్లే. కొందరికి ఐటమ్ లెక్కన డబ్బిస్తారు, కొందరికి లోగో, ఐడీ కార్డు తప్ప ఇంకేమీ ఉండదు, పైగా యాడ్స్ టార్గెట్. ఛానల్ నష్టాల్లో ఉందన్నప్పుడు మొదట ఆగేది వాళ్ల బిల్లులే. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం పత్రికల వాళ్లకే వర్తించేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలో వర్కింగ్ జర్నలిస్ట్ నిర్వచనంలోకి ఎలక్ట్రానిక్, డిజిటల్ మీడియా కూడా చేరింది. కాగితం మీద ఇది పెద్ద మార్పే. అయితే ఆ కాగితం మీ చేతికి రావాలంటే ముందు అపాయింట్‌మెంట్ లెటర్ ఉండాలి.

అందుకే చేరొచ్చా అన్న ప్రశ్నకు నా జవాబు: చేరండి, కానీ తెర మీద ముఖం కోసం మాత్రమే చేరకండి. రన్‌డౌన్ (బులెటిన్‌లో ఏ వార్త తర్వాత ఏది అన్న వరుస) వేయడం, పీసీఆర్ అనే కంట్రోల్ రూమ్‌లో కూర్చుని లైవ్ బులెటిన్ నడిపించడం, ఫ్లాష్ (బ్రేకింగ్ న్యూస్) వచ్చిన అర నిమిషంలో తప్పు లేకుండా నాలుగు లైన్లు రాయడం నేర్చుకోండి. ఎడిటర్ మారినా ఈ పని తెలిసినవాళ్లను సాధారణంగా కదపరు, ఎందుకంటే మర్నాడు పొద్దున్న ఆరింటి బులెటిన్ వెళ్లాలి కదా. వీడియో కట్ చేయడం కూడా వస్తే డిజిటల్ టీమ్‌లోకి మారే దారి ఉంటుంది, ఇప్పుడు కొత్త ఉద్యోగాలు ఎక్కువగా అక్కడే.

ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు ఛానల్ రేటింగ్ ఎంత అని అడక్కండి. జీతం ఏ తేదీన పడుతుందో, గత ఏడాదిలో ఎన్ని నెలలు ఆలస్యమైందో అడగండి. హెచ్ఆర్ వాళ్లను అడిగితే "ఒకటో తారీఖే" అంటారు. కింద టీ కొట్టు దగ్గర కెమెరామెన్లు ఉంటారు, వాళ్లను అడగండి.