లెక్కల డౌట్లు: పాప 63 అంటోంది, మేస్త్రీ 80 అంటున్నాడు

ప్రశ్న: సార్, మా కొత్తింట్లో హాలు 18 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు. ఆరో తరగతి చదివే మా పాప గసాభా (గరిష్ఠ సామాన్య భాజకం) కట్టి, 2 బై 2 టైల్స్ 63 తెస్తే చాలు, ఒక్కటి కూడా కొయ్యక్కర్లేదు అంటోంది. మేస్త్రీ ఏమో 80 తెమ్మంటున్నాడు. ఎవరి మాట వినాలి?
- ఒక పాఠకురాలు, కరకంబాడి రోడ్డు, తిరుపతి

జవాబు: పాప లెక్క కరెక్టేనమ్మా, ముందు ఆ పిల్లని మెచ్చుకోండి. 18నీ 14నీ శేషం లేకుండా భాగించే అన్నిటికన్నా పెద్ద సంఖ్య 2, అందుకే ఇటు 9 అటు 7, మొత్తం 63. తేడా వచ్చింది టైల్ దగ్గర. షాపులో 2 బై 2 అని ఇచ్చేది 60 సెంటీమీటర్ల టైల్, 2 అడుగులంటేనేమో 60.96. ఒక్క టైల్‌కి ఇది కంటికి కనపడదు కానీ 18 అడుగులంటే 548.64 సెంటీమీటర్లు, 9 టైల్స్ పరిస్తే 540 దగ్గరే ఆగిపోతాయి, మధ్యలో స్పేసర్లు (టైల్స్ మధ్య సన్న సందు కోసం పెట్టే చిన్న ముక్కలు) పెట్టినా గోడ పక్కన ఇంకా ఆరేడు సెంటీమీటర్ల సందు ఉంటుంది, రెండో వైపూ ఇదే కథ. ఆ సందుల్లోకి సన్న ముక్కలు కొయ్యాలంటే నాలుగు టైల్స్ పోతాయి. గోడల చుట్టూ కింది అంచున అంటించే 4 అంగుళాల పట్టీ (స్కర్టింగ్) కూడా ఇవే టైల్స్‌తో అయితే ఇంకో ఏడు. అక్కడికే 74 అయింది, కోతలో పగిలేవి కూడా ఉంటాయి కదా, కాబట్టి మేస్త్రీ 80 అన్నది ఎక్కువేం కాదు. పాపకి టేపిచ్చి హాలుని సెంటీమీటర్లలో కొలవమనండి, గసాభా ఎప్పుడైనా అసలు కొలత మీద కడితేనే పనికొస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి శ్రీమంతానికి 168 లడ్లు, 120 మురుకులు చేయించినాం. మిగలకుండా అన్ని కవర్లలో సమానంగా పెట్టాలంటే ఎక్కువలో ఎక్కువ ఎన్ని కవర్లు అవుతాయి?
- ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: 24 కవర్లు, ఇదీ గసాభా లెక్కే. కారణాంకాలన్నీ రాసుకుంటూ కూర్చోకండి, సుమారు 2300 ఏళ్ల కింద యూక్లిడ్ చెప్పిన పద్ధతి ఉంది, పెద్దదాన్ని చిన్నదాంతో భాగించి శేషం పట్టుకోవడమే. 168ని 120తో భాగిస్తే 48 మిగుల్తుంది, 120ని 48తో భాగిస్తే 24, 48ని 24తో భాగిస్తే ఏం మిగలదు, ఆఖర్న భాగించిన ఆ 24 ఏ గసాభా, అంతే అయిపోయింది. చాలామంది పిల్లలు ఇక్కడే తడబడతారు, 24 అనేది కవర్ల సంఖ్య, కవర్లో పెట్టేవి కాదు, కవర్‌కి 7 లడ్లు 5 మురుకులు వస్తాయి. 30 మంది వస్తారనుకుంటే ఇంకో 12 లడ్లు చేయించండి, అప్పుడు 180, 120 రెండూ 30తో నిశ్శేషంగా పోతాయి, కవర్‌కి 6 లడ్లు 4 మురుకులు.