మెటచెన్ ఎడిసన్‌లో భాగమా, విడి ఊరా?

విడి ఊరే. మీరు మ్యాపు చూసి అడిగినవి రెండు ప్రశ్నలు: న్యూజెర్సీలోని ఎడిసన్ ఊరి మధ్యలో ఈ చిల్లు ఏమిటి, అక్కడ ఇల్లు తీసుకుంటే పిల్లలకు ఎడిసన్ స్కూళ్లు వస్తాయా అని. రెండోదానికి జవాబు ముందే చెప్పేస్తాను: రావు. మొదటిదానికి మాత్రం కాస్త కథ చెప్పాలి. న్యూజెర్సీలో ఏడేళ్లు మెటచెన్‌లోనే అద్దెకున్నాను కాబట్టి ఆ కథ కొంత తెలుసు. అందులో సగం తెలుసుకోవలసి వచ్చింది మా నాన్నగారి వల్ల.

ముందు పేరు సంగతి. మనవాళ్లందరూ మొదట్లో 'మెటూచెన్' అంటారు. నేనూ అలాగే అన్నాను. రైల్లో కండక్టరు 'మటచ్చిన్' అని అరిచినప్పుడు అది మా స్టేషనే అని గుర్తుపట్టడానికి వారం పట్టింది. అది లెనాపే అనే అక్కడి ఆదివాసీ తెగ నాయకుడొకడి పేరు నుంచి వచ్చిందని ఊళ్లో చెప్పుకుంటారు.

నాన్నగారు తెనాలి దగ్గర మండల సర్వేయరుగా చేసి రిటైరయ్యారు. ఆరు నెలలు ఉండడానికి వచ్చి, జెట్ లాగ్ కూడా తీరకముందే మూడో రోజు పొద్దున్న కాఫీ తాగుతూ, "ఏరా, ఈ ఊరి పొలిమేర ఎక్కడ?" అన్నారు. ఫోన్లో మ్యాపు చూపించాను. కళ్లజోడు సవరించుకుని, "ఇదేంట్రా, గారెలో చిల్లులా ఉంది!" అన్నారు. అమెరికన్లు ఇలాంటి ఊళ్లను డోనట్ చిల్లు అంటారు. గారె అంటే మనకు ఇంకా బాగా తెలుస్తుంది. చుట్టూ నాలుగు వైపులా ఎడిసన్ టౌన్‌షిప్, నడుమ మెటచెన్ బరో. ఎటు నుంచి బయటికి అడుగుపెట్టినా ఎడిసనే.

విస్తీర్ణం మూడు చదరపు మైళ్లు కూడా లేదు. నాన్నగారికి చదరపు మైళ్లు ఎక్కవు, ఎకరాల్లో చెప్పమన్నారు. సుమారు 1,800 ఎకరాలు. "మన పక్క ఓ మోస్తరు గ్రామమంత. దీనికి మేయరు ఒకడా!" అన్నారు. మేయరే కాదు, ఆరుగురు కౌన్సిల్ సభ్యులు, సొంత పోలీసులు, సొంత స్కూల్ డిస్ట్రిక్టు, హైస్కూలు అన్నీ ఉన్నాయి. 2020 జనాభా లెక్కల్లో 15,049 మంది. అదే లెక్కల్లో ఎడిసన్ జనాభా 1,07,588. విస్తీర్ణంలో పది రెట్లకు పైగా పెద్దది.

ఇక్కడ 'బరో' అన్న మాట దగ్గరే చాలామంది తికమకపడతారు. మాన్‌హాటన్, బ్రూక్లిన్‌లను కూడా బరోలనే అంటారు గానీ, అవి ఒకే మహానగరంలో భాగాలు. అలాస్కాలో అయితే బరో అంటే కౌంటీ లాంటిది. న్యూజెర్సీలో మాత్రం ఒక రకం మునిసిపాలిటీ. బరో, టౌన్‌షిప్, సిటీ, టౌన్, విలేజ్ అని అయిదు రకాలున్నాయి. పేర్లు చూసి విలేజ్ కంటే టౌన్ పెద్దదనో, టౌన్‌షిప్ కింద బరో ఉంటుందనో అనుకోకండి. చట్టం ముందు అన్నీ సమానమే. మన మండలం కింద పంచాయతీ ఉన్నట్టు ఇక్కడ ఒకదాని కింద ఇంకోటి ఉండదు. ఇలాంటివి ఆ చిన్న రాష్ట్రంలో మొత్తం 564 ఉన్నాయి.

ఇక చిల్లు కథ. నాన్నగారి పోలిక బాగుంది గానీ ఒక చోట తప్పింది. గారెకు ముందు పిండి, తర్వాత చిల్లు. ఇక్కడ ముందున్నదే చిల్లు. ఊరంటూ చిక్కబడింది మెటచెన్ దగ్గరే. చుట్టూ ఉన్నది పొలాలూ, బంకమన్ను గుంటలూ, అక్కడక్కడా చిన్న పల్లెలూ.

ఎందుకు అక్కడే అంటే కొంత నేల వల్ల, చాలావరకు దారుల వల్ల. ఇరవై వేల ఏళ్ల పైమాట, ఉత్తరం నుంచి దిగి వచ్చిన మంచుపలక పెర్త్ అంబాయ్ నుంచి మెటచెన్, ప్లెయిన్‌ఫీల్డ్ మీదుగా పోయే గీత దగ్గర ఆగిపోయి, మోసుకొచ్చిన రాళ్లూ మట్టీ అక్కడే కుప్పపోసి కరిగింది. మెటచెన్ ఉన్నది ఆ గట్టు మీద. గట్టుకు వాయవ్యంగా పల్లం. అక్కడ డిస్మల్ స్వాంప్ అనే చిత్తడి నేల ఉంది. సుమారు 660 ఎకరాలు, ఎడిసన్, సౌత్ ప్లెయిన్‌ఫీల్డ్, మెటచెన్ మూడింటి హద్దుల్లోకీ పరుచుకుని ఉంటుంది. పేరుకు 'దిగులు బురద' గానీ పక్షులను చూసేవాళ్లకు స్వర్గం.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో 1777 జూన్ 26న ఈ చుట్టుపక్కలే గట్టి పోరాటం జరిగింది. వాషింగ్టన్ సేన వాచంగ్ కొండలు దిగి మైదానంలోకి వచ్చింది. అదను చూసి బ్రిటిష్ జనరల్ హో పెర్త్ అంబాయ్ నుంచి బయల్దేరి, అది మళ్లీ కొండెక్కే దారి మూసేయాలని చూశాడు. వాషింగ్టన్ వైపు జనరల్ లార్డ్ స్టెర్లింగ్ దళం అడ్డుపడి ఆలస్యం చేయడంతో వాషింగ్టన్ తిరిగి కొండల్లోకి తప్పుకున్నాడు. షార్ట్ హిల్స్ యుద్ధం అంటారు, మెటచెన్ మీటింగ్‌హౌస్ యుద్ధం అని కూడా అంటారు.

అసలు మలుపు రైలు. 1836లో నెవార్క్ నుంచి న్యూ బ్రన్స్‌విక్ వైపు వేసిన లైను మెటచెన్ మీదుగా వెళ్లింది. ఇప్పుడు బోస్టన్ నుంచి వాషింగ్టన్ దాకా పోయే నార్త్ఈస్ట్ కారిడార్ ఇక్కడ ఆ దారే. తర్వాత 1870లలో లీహై వ్యాలీ అనే రైలు కంపెనీ లైను వచ్చింది. పెన్సిల్వేనియా బొగ్గును పెర్త్ అంబాయ్ రేవుకు చేర్చడానికి. రెండో దాని కొమ్మ ఒకటి తర్వాత మూతపడితే, పట్టాలు తీసేసి 2012లో మూడున్నర మైళ్ల నడకదారి చేశారు. మిడిల్‌సెక్స్ గ్రీన్‌వే అని. నాన్నగారి సాయంకాలాలు దాని మీదే గడిచాయి.

రైలు ఉన్నచోట జనం చేరతారు కదా. న్యూయార్క్‌లో పని చేసి ఇక్కడ కాపురముండే రచయితలూ, చిత్రకారులూ, ఇంజనీర్లూ పోగయ్యారు. అందుకే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దీనికి 'బ్రెయినీ బరో', అంటే బుర్రగలవాళ్ల ఊరు అనే పేరు పడింది. ఊరివాళ్లు ఇప్పటికీ దాన్ని గర్వంగా చెప్పుకుంటారు. నాకైతే కాస్త గొప్పలే అనిపించేది. కానీ పేర్లు చూస్తే ఒప్పుకోక తప్పదు. కథారచయిత్రి మేరీ విల్కిన్స్ ఫ్రీమన్ 1902లో పెళ్లి చేసుకుని ఇక్కడికొచ్చి, 1930లో చనిపోయే దాకా ఇక్కడే ఉంది. న్యూయార్క్‌లో హెల్ గేట్ వంతెన కట్టిన గుస్తావ్ లిండెంథాల్ 1935లో కన్నుమూసింది మెటచెన్‌లోని తన ఇంట్లోనే. నాకు నచ్చిన విషయం ఏమిటంటే, ఆయన ఊరి మధ్యనుంచి పోయే రైలు పట్టాలే న్యూయార్క్ దాటాక ఆయన కట్టిన వంతెన ఎక్కి బోస్టన్ వెళ్తాయి. స్టాచ్యూ ఆఫ్ లిబర్టీని టీవీలో మాయం చేసిన ఇంద్రజాలికుడు డేవిడ్ కాపర్‌ఫీల్డ్ కూడా 1956లో ఇక్కడే పుట్టాడు.

ఇప్పుడు వేరుపడడం గురించి. 1870లో వుడ్‌బ్రిడ్జ్, పిస్కాటవే టౌన్‌షిప్పుల నుంచి కొంత కొంత తీసి రారిటన్ టౌన్‌షిప్ చేశారు. మెటచెన్ అందులో ఉండేది. థామస్ ఎడిసన్ 1876లో ప్రయోగశాల పెట్టి, ఫోనోగ్రాఫ్, బల్బు తయారుచేసిన మెన్లో పార్క్ కూడా ఆ టౌన్‌షిప్‌లోనే, మెటచెన్‌కు పక్కనే.

ఆ రోజుల్లో న్యూజెర్సీ అంతటా ఓ జ్వరం పట్టుకుంది. దానికి 'బరోయిటిస్' అనే పేరు కూడా ఉంది, నేను కల్పించింది కాదు. 1894లో రాష్ట్రం ఓ చట్టం తెచ్చింది. టౌన్‌షిప్ అంతటికీ ఒకే స్కూల్ డిస్ట్రిక్టు, ఒక మూల బడి కోసం చేసిన అప్పు రెండో మూల ఉన్నవాళ్లూ కలిసి కట్టాలి అని. బరోలకు మాత్రం మినహాయింపు. ఇంకేముంది, 'వాళ్ల అప్పు మేమెందుకు కట్టాలి' అంటూ వరసపెట్టి బరోలుగా చీలిపోయారు. ఒక్క బెర్గెన్ కౌంటీలోనే రెండేళ్లలో పాతిక పైచిలుకు పుట్టాయి. ఇది చెప్పినప్పుడు నాన్నగారు పగలబడి నవ్వారు. "పెద్దాడి కూతురి పెళ్లి అప్పు చిన్నాడు కట్టనని వేరు కాపురం పెట్టినట్టుంది. ముప్ఫై ఏళ్లు నేను కొలిచింది ఇలాంటి వాటాలేరా" అన్నారు.

చివరికి ఎవరికి వారు చీలిపోకుండా శాసనసభ పట్టు బిగించింది. మెటచెన్ ఆ జ్వరం తగ్గాక వచ్చిన బరో. 1900 మార్చి 20న శాసనసభ చట్టం ద్వారా రారిటన్ టౌన్‌షిప్ నుంచి విడిపోయింది. అయిదేళ్లకు, 1905లో, అటు నది ఒడ్డున హైలాండ్ పార్క్ కూడా అలాగే వెళ్లిపోయింది. ఆ మిగిలిన టౌన్‌షిప్పే 1954లో ఓటు వేసుకుని ఎడిసన్ అని పేరు మార్చుకుంది. అప్పుడు పరిశీలనకు వచ్చిన ఇంకో పేరు 'నిక్సన్'. తర్వాత అధ్యక్షుడైన నిక్సన్ కాదు, అక్కడ కర్మాగారం నడిపిన లూయిస్ నిక్సన్. ఆ పేరే ఖాయమై ఉంటే, మన పిల్లలు ఇవాళ 'మేం నిక్సన్‌లో ఉంటాం అమ్మమ్మా' అని చెప్పాల్సి వచ్చేది. అంటే ఎడిసన్ అనే పేరు కంటే మెటచెన్ బరో 54 ఏళ్లు పెద్దది.

చీలినవి మళ్లీ కలవలేదా అంటే, కలిసినవి ఉన్నాయి గానీ తక్కువ. ప్రిన్స్‌టన్ కూడా ఒకప్పుడు ఇలాంటి గారే. నడుమ బరో, చుట్టూ టౌన్‌షిప్. 2011లో జనం ఓటేస్తే 2013 జనవరి 1 నుంచి రెండూ ఒకటయ్యాయి.

ఇంక నా అనుభవం. మెటచెన్‌లోకి రాకముందు ఏడాది నేను పొరపాటున ఎడిసన్‌లో ఉన్నాను. 'పొరపాటున' అని ఎందుకంటున్నానంటే, అది మెటచెన్ అనుకునే అద్దెకు తీసుకున్నాను. ప్రకటనలో మెటచెన్, చిరునామాలో మెటచెన్, పిన్‌కోడ్ 08840. చూపించిన ఏజెంటు కూడా మెటచెన్ స్కూళ్లే అన్నాడు. ఆగస్టులో పాపను చేర్పించడానికి కాగితాలు పట్టుకెళ్తే, కౌంటర్ దగ్గర ఆవిడ చిరునామా కొట్టి చూసి, "మీరు ఎడిసన్‌లో ఉంటున్నారు" అంది. పోస్టాఫీసు హద్దు వేరు, మునిసిపాలిటీ హద్దు వేరట. లీజు మీద సంతకం అయిపోయింది, బడి తెరవడానికి రెండు వారాలుంది. ఆ పదిహేను రోజుల టెన్షన్ పగవాడికి కూడా వద్దు. ఎడిసన్ బడీ మంచిదే, పాప అక్కడ హాయిగానే చదువుకుంది. కానీ నేను అడిగింది ఒకటి, వచ్చింది ఒకటి. ఏజెంటుకు ఫోన్ చేస్తే, "రెండూ ఒకటే కదండీ" అన్నాడు.

ఆ ప్రాంతంలో ఇది ఒక్క మెటచెన్ గొడవ కాదు. మనం చీరలకూ, కూరలకూ వెళ్లే ఓక్ ట్రీ రోడ్డు తీసుకోండి. కొంత ఎడిసన్, కొంత ఇసెలిన్ అంటాం. ఇసెలిన్ అసలు మునిసిపాలిటీయే కాదు, వుడ్‌బ్రిడ్జ్ టౌన్‌షిప్‌లో ఒక పేట.

మరుసటి ఏడాది స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఓ పాత ఇంటి పైవాటా తీసుకున్నాం. మెయిన్ స్ట్రీట్ మీదుగా రైలు వంతెన, దాని పక్కనే స్టేషను. న్యూయార్క్ పెన్ స్టేషన్‌కు ముప్పావు గంట, అటూ ఇటూగా. నడిచి వెళ్లగలిగితేనే ఈ ఊరి సుఖం తెలుస్తుంది. కారులో వచ్చి స్టేషన్ దగ్గర పెట్టాలంటే పార్కింగ్ పర్మిట్ కోసం కాచుకుని కూర్చోవాలి. రాత్రిళ్లు రైళ్ల చప్పుడు ఉంటుంది. మా ఆవిడకు అలవాటు కావడానికి నెల పట్టింది, అమ్మకు మాత్రం తెనాలి జంక్షన్ గుర్తొచ్చి మొదటి రాత్రే నిద్ర పట్టేసింది.

మెటచెన్ ఇళ్లు పాతవి, స్థలాలు చిన్నవి, ధరలు చిన్నవి కావు. పన్ను సంగతి కూడా చెప్పాలి. న్యూజెర్సీలో ఇంటిపన్ను రాష్ట్ర సగటే 2023లో 9,800 డాలర్లు దాటింది. అందులో సగానికి పైగా సాధారణంగా బడులకే పోతుంది. 1894లో జనం కొట్టుకున్నదీ దాని గురించే. కాబట్టి ఏ గీతకు ఏ పక్క ఉన్నారన్నది ఇప్పటికీ మీ జేబుకూ, మీ పిల్లల బడికీ సంబంధించిన సంగతి. మంచు పడిన పొద్దున్న ఆ గీత కంటికి కూడా కనబడుతుంది. ఒక ఊరి మంచుబండి తన హద్దు దాకా తోసి వెనక్కి తిరిగిపోతుంది, అవతలి బండి వచ్చేదాకా ఆ పక్క రోడ్డు తెల్లగానే ఉంటుంది.

నాన్నగారు పొలిమేర రాయి కోసం చాలా వెతికారు. నాలుగు రోజులు, స్వెటరు మీద స్వెటరు వేసుకుని. దొరికింది 'వెల్‌కమ్' అని రాసిన బోర్డు ఒక్కటే. ఆయన నిరాశ చూడలేక కౌంటీ ఆన్‌లైన్ రికార్డులు తెరిచి చూపించాను. న్యూజెర్సీలో ప్రతి స్థలానికీ ఒక బ్లాక్ నంబరు, ఒక లాట్ నంబరు ఉంటాయి, పక్కనే మునిసిపాలిటీ పేరు. "ఇది మన సర్వే నంబరేరా!" అని ఒక్కసారిగా వెలిగిపోయారు. ఆ సాయంత్రమంతా మా వీధిలో ఒక్కో ఇల్లూ చూసుకుంటూ కూర్చున్నారు.

మీరు చేయాల్సిందీ అంతే. ఏజెంటు మాట, ప్రకటన, పిన్‌కోడ్ పక్కన పెట్టండి. నచ్చిన ఇంటి బ్లాక్, లాట్ నంబర్లు అడిగి తీసుకుని, పన్ను రికార్డులో 'మెటచెన్ బరో' అని ఉందో, 'ఎడిసన్ టౌన్‌షిప్' అని ఉందో చూసుకోండి. ఆ తర్వాతే స్కూలు ఆఫీసుకు ఆ చిరునామాతో ఫోన్ చేసి ఇంకోసారి అడగండి. సంతకం దాని తర్వాత.