15 ఏళ్లు తాగి మానేస్తే లివర్ మళ్లీ బాగవుతుందా?

15 ఏళ్లు రోజూ తాగి, మానేసి 20 రోజులైందన్నారు. లివర్ మళ్లీ మామూలవుతుందా, ఎన్నాళ్లు పడుతుందని అడిగారు. నేను డాక్టర్‌ని కాను. 12 ఏళ్లు తాగి, ఒకసారి మానేసి, మళ్లీ మొదలుపెట్టి, రెండోసారి మానేసినవాణ్ని. ఇప్పటికి ఆరేళ్లైంది.

కొవ్వు పట్టడం వరకే అయితే త్వరగానే కోలుకుంటుంది. చుక్క ముట్టకపోతే 2 నుంచి 6 వారాల్లో ఆ కొవ్వు చాలావరకు పోతుంది. వాపు ఉంటే నెలలు. ఫైబ్రోసిస్, అంటే మచ్చలు కట్టడం మొదలైతే ఏళ్లు పడుతుంది, అదీ కొంతవరకే తగ్గుతుంది. సిరోసిస్‌లో, అంటే లివరంతా మచ్చలతో గట్టిపడ్డాక, ఆ మచ్చలు చాలావరకు ఉండిపోతాయి. అప్పుడైనా సరే మానేయండి, మానేసినవాళ్లే ఎక్కువకాలం బతుకుతారు.

నా సంగతి చెబుతాను. మొదటిసారి మానేసేటప్పుడు రక్త పరీక్షలో నా లివర్ ఎంజైములు: జీజీటీ 380, ఏఎస్‌టీ 140, ఏఎల్‌టీ 62. ఏఎస్‌టీ, ఏఎల్‌టీకి రెండింతలు దాటి ఉంటే మందు వల్లేనని ఎక్కువగా అనుమానిస్తారట. ఆరు వారాలకు జీజీటీ 78కి దిగింది, మూడు నెలలకు 34. ఎర్ర కణాల సైజు చూపించే ఎంసీవీ మాత్రం అప్పటికి కూడా నార్మల్‌కి రాలేదు. ఆ కణాల ఆయుష్షు దాదాపు 120 రోజులు కదా, పాతవి పోయి కొత్తవి రావాలి.

ఆ 34 చూసిన సాయంత్రమే నేను దెబ్బతిన్నాను. 'నార్మల్' అన్న మాట కింద వేలు పెట్టి మూడుసార్లు చదువుకున్నాను. లివర్ బాగైపోయింది, ఇక అప్పుడప్పుడు తాగినా పర్లేదనుకున్నాను. రెండు నెలలు తిరక్కుండానే పాత లెక్కకి వచ్చేశాను. ఎంజైములు తగ్గాయంటే కణాలు దెబ్బతినడం తగ్గిందని మాత్రమే అర్థం. మచ్చలు ఉన్నాయో లేదో అవి చెప్పలేవు. దానికి ఫైబ్రోస్కాన్ కావాలి, అంటే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్. అది కూడా మానేసిన కొన్ని వారాల తర్వాత చేయించుకుంటే మంచిది, వాపు ఉన్నప్పుడు చేస్తే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. రెండోసారి మానేశాక నాకు ముందు 11.8 వచ్చింది, ఎనిమిది నెలల తర్వాత 6.1కి తగ్గింది.

రెండోసారి ఎవరికీ చెప్పకుండా ఇంట్లోనే ఒక్కసారిగా ఆపేశాను. మర్నాడు గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా నీళ్లు చొక్కా మీద ఒలికిపోయాయి. ఆ తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. కళ్లు తెరిచేసరికి బాత్రూం నేల మీద ఉన్నాను, నా భార్య నా తల పట్టుకుని ఏడుస్తోంది. ఆస్పత్రిలో విటమిన్ బీ1 ఇంజెక్షన్లు ఇచ్చి, వణుకు తగ్గే మాత్రలు మొదలుపెట్టి రోజురోజుకీ తగ్గించుకుంటూ వచ్చారు. మీకు 20 రోజులు దాటాయి కాబట్టి ఆ గండం గడిచినట్టే. ఇంకా రోజూ తాగుతూ ఇది చదువుతున్నవాళ్లు మాత్రం దయచేసి డాక్టర్ దగ్గరికి వెళ్లాకే ఆపండి.

'లివర్ శుభ్రం చేస్తాం' అనే పొడులు, కషాయాలు వద్దు. వాటిలో కొన్ని లివర్‌నే దెబ్బతీస్తాయి. పారాసెటమాల్ కూడా అడగకుండా వేసుకోకండి. పస్తులుండకండి, ప్రొటీన్ సరిపడా తినండి. కళ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా, మలం నల్లగా వచ్చినా, రక్తపు వాంతి అయినా, మాట తడబడి మనిషి అయోమయంగా ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఈసారి డాక్టర్‌ని కలిసినప్పుడు రక్త పరీక్షలో బిలిరుబిన్, ఆల్బుమిన్, ఐఎన్ఆర్ (రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసేది), ప్లేట్‌లెట్లు కూడా చూడమనండి. లివర్ ఎంత పని చేస్తోందో వాటితోనే ఎక్కువగా తెలుస్తుంది. రోజుకి ఎంత తాగేవారో ఉన్నదున్నట్టు చెప్పండి. సిగ్గుతో నేను సగమే చెప్పాను. ఆయన ఆ సగానికే వైద్యం చేశారు.