టైఫాయిడ్ తగ్గినా వైడాల్ పాజిటివ్ ఎందుకు?

ప్రశ్న: టైఫాయిడ్ తగ్గి నాలుగు నెలలైంది. ఇప్పుడు జ్వరం లేకపోయినా వైడాల్ పరీక్షలో పాజిటివ్ అని వచ్చింది. మళ్లీ మందులు వాడాలా?

జవాబు: 1896లో ఫ్రెంచి వైద్యుడు ఫెర్నాండ్ వైడాల్ వెలువరించిన ఈ పరీక్ష రక్తంలో టైఫాయిడ్ బ్యాక్టీరియా ఉన్నదీ లేనిదీ చూడదు, దాని పైపొరలోని ‘ఓ’ భాగానికీ, కదలడానికి తోడ్పడే తోకలోని ‘హెచ్’ భాగానికీ వ్యతిరేకంగా మన శరీరం తయారు చేసుకున్న యాంటీబాడీలను మాత్రమే కొలుస్తుంది. పేగు గోడను దాటి రక్తంలో చేరిన క్రిమిని ఎదుర్కొనేందుకు పుట్టిన ఈ యాంటీబాడీలు, ముఖ్యంగా ‘హెచ్’ రకానివి, జబ్బు నయమైన తర్వాత కూడా నెలల తరబడి నిలిచి ఉంటాయి. కాబట్టి జ్వరం లేనప్పుడు ఈ ఒక్క ఫలితాన్ని చూసి యాంటీబయాటిక్ మొదలుపెట్టకూడదు. అలాంటి అనవసర వాడకం మందులకు లొంగని టైఫాయిడ్‌ను పెంచుతుండటం నిజంగా బాధ కలిగించే విషయం. జ్వరం మళ్లీ వస్తే, మందులు వేసుకోకముందే బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిమి ఉందో లేదో దాన్ని పెంచి చూసే పరీక్ష) గురించి మీ డాక్టరును అడగండి.